చీనీ తోటలో డ్రిప్పు సన్నగిల్లితే: నా అనుభవం

అనంతపురం జిల్లా చీనీ (బత్తాయి) తోటల్లో డ్రిప్పరు నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయంటే మొదట గుర్తొచ్చేది యాసిడ్ క్యానే. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి ఆ అనుమానం రావడం సహజం. నేను మాత్రం యాసిడ్‌ను ఆఖరుకే పెట్టుకుంటాను. పూర్తిగా మూసుకుపోయిన డ్రిప్పరులోకి నీళ్లే పోవు, యాసిడ్ ఎట్లా పోతుంది? అది బాగున్న డ్రిప్పర్ల గుండా మట్టిలోకి దిగిపోతుంది.

ముందు కొలవాలి. గంటకు 8 లీటర్ల డ్రిప్పరు 3 నిమిషాల్లో 400 మి.లీ. ఇవ్వాలి, 4 లీటర్లదైతే 200. సాలు మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి చూసుకుంటే సగం సంగతి తేలిపోతుంది. తోటంతా ఒకే తీరుగా తగ్గిందంటే బోరులో నీళ్లు తగ్గాయి, లేదా ఫిల్టరు పట్టేసింది. ఒక్క సాలే మొత్తం తగ్గితే ఆ పైపు ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా టేకాఫ్‌లో (సాళ్లకు నీళ్లు పంచే సబ్‌మెయిన్ పైపుకు సాలు పైపు కలిసే చోట) పీవీసీ తురుము ఇరుక్కుని ఉంటుంది. మొదట్లో బాగుండి చివరకు తగ్గుతూ పోతే మురికి చివర చేరింది, కాకపోతే నడుమ ఉడుత కొరికిన రంధ్రం ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి తగ్గితేనే డ్రిప్పర్ల తప్పు.

చెట్టు చుట్టూ రింగు వేసేటప్పుడు చవకని 16కు బదులు 12 మి.మీ. పైపు అతికించి ఉంటే దాన్నీ అనుమానించండి. లోపలి వ్యాసం 14 నుంచి 10 మి.మీ.కు తగ్గితే, అంతే నీటికి రాపిడిలో పోయే ఒత్తిడి దాదాపు ఐదింతలవుతుంది. దానికి ఏ మందూ లేదు, పైపు మార్చాల్సిందే.

ఫిల్టరుకు ముందూ వెనకా ఒత్తిడి చూపే గేజీలు చూడండి. తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కిలో దాటితే విప్పి కడగాలి. తేడా అసలే లేకపోయినా విప్పండి, జాలి చినిగి ఇసుక నేరుగా పోతూ ఉండొచ్చు. 120 మెష్ జాలిని మెత్తని బ్రష్షుతో రుద్దాలి తప్ప బండకేసి కొట్టకూడదు.

తర్వాత ఫ్లషింగ్. మొదట సబ్‌మెయిన్ వాల్వు తెరిచి నీళ్లు తేటగా వచ్చేదాకా వదలాలి, ఆ తర్వాతే సాళ్ల ఎండ్ క్యాపులు తీయాలి. చాలామంది అన్ని క్యాపులూ ఒకేసారి తీసేస్తారు. ఒకటిన్నర ఇంచు పోసే బోరుకు అన్ని సాళ్లలో ఊపు ఎక్కడి నుంచి వస్తుంది? మురికి కదలనే కదలదు. ఐదారు సాళ్లే తెరిచి, చివర లీటరు సీసా పట్టండి. 16 మి.మీ. పైపుకు అది 13 సెకన్లలోపు నిండితే చాలు. నిండకపోతే తెరిచినవి తగ్గించండి.

ఇంకా సన్నగానే ఉంటే ఒక డ్రిప్పరు పీకి బ్లేడుతో నిలువుగా చీల్చండి. లోపలి వంకర దారిలో తెల్లటి గరుకు పొర ఉంటే దాని మీద ఒక్క చుక్క యాసిడ్ వేయండి. బుసబుస పొంగితే సున్నం. ఎర్రగా, జారుగా ఉంటే ఇనుము. ఆకుపచ్చగానో నల్లగానో జిగురుంటే పాచి.

సున్నమైతేనే యాసిడ్. బక్కెట్లో 10 లీటర్ల బోరు నీళ్లు తీసుకుని, సిరంజితో 33-35 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్కో మి.లీ. కలుపుతూ, పీహెచ్ కాగితం (ఆమ్లత్వం చూపే కాగితం) 4 చూపేదాకా లెక్కపెట్టండి. 6 మి.లీ. పట్టిందనుకుందాం. 6 మీటర్ల ఎడంతో ఎకరాకు దాదాపు 112 చెట్లు, చెట్టుకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు అంటే గంటకు 3,584 లీటర్లు. పావు గంటకు సుమారు 900 లీటర్లు, దానికి 540 మి.లీ. యాసిడ్. గంటకు 60 లీటర్లు పీల్చే వెంచురీ (మందును డ్రమ్ము నుంచి పైపులోకి లాగే పరికరం) అయితే ప్లాస్టిక్ డ్రమ్ములో 15 లీటర్ల నీళ్లు పోసి ఆ నీళ్లలోకి యాసిడ్ వంచండి. యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే మొహం మీదికి ఎగజిమ్ముతుంది. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఇనుప ఫిల్టరు ఉంటే వెంచురీ దాని తర్వాతే ఉండాలి.

పావు గంట అనేది లెక్క కోసమే. ఆపాల్సింది చివరి చెట్టు డ్రిప్పరు దగ్గర కాగితం 4 చూపినప్పుడు. అక్కడికి చేరకుండానే డ్రమ్ము అయిపోతే అదే పాళ్లలో మళ్లీ కలపాలి. చేరాక మోటరు ఆపి 24 గంటలు అట్లాగే వదిలి, మళ్లీ ఐదారు సాళ్ల చొప్పున ఫ్లష్ చేయాలి. ఇది వదిలేస్తే ఊడిన సున్నం పెళ్లలు పక్క డ్రిప్పర్లను మూసేస్తాయి.

పాచికి బ్లీచింగ్ పౌడరు. 33 శాతం క్లోరిన్ ఉన్నదైతే 1000 లీటర్లకు 60 గ్రాములు, అంటే 20 పీపీఎం (లీటరుకు 20 మి.గ్రా. క్లోరిన్). రాత్రి నానబెట్టి పైన తేరిన నీళ్లే వాడండి, అడుగున మిగిలేది మళ్లీ సున్నమే. యాసిడ్ పెట్టిన రోజు దీన్ని దగ్గరికి రానీయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

ఎరువుల్లో కాల్షియం నైట్రేటును ఫాస్ఫేటు, సల్ఫేటు ఎరువులతో ఒకే డ్రమ్ములో కలపొద్దు, గడ్డకట్టి దిగుతుంది. డీఏపీని డ్రిప్పులో ఇవ్వనే వద్దు. ఎరువు అయిపోయాక పది నిమిషాలు ఉత్త నీళ్లు పారనీయండి.

ఇన్ని చేసినా 3 నిమిషాల్లో 300 మి.లీ. కూడా రాని 8 లీటర్ల డ్రిప్పరు ఉంటే తీసి కొత్తది పెట్టండి. పిన్నీసుతో పొడవొద్దు. రంధ్రం పెద్దదై ఆ చెట్టుకు ఎక్కువ నీళ్లు పోయి, సాలు చివరి చెట్టుకు కోత పడుతుంది.