ఓషికా గుడి ముంగిట కబుకి

జపాన్‌లో కబుకి అనే సంప్రదాయ నాటకం చూడాలంటే టోక్యోలోని కబుకి-జా నాటకశాలకు టికెట్టు కొనుక్కుని వెళ్లాలనే నేనూ అనుకునేవాణ్ణి. నగానో ప్రాంతంలో, అకాయిషి పర్వతాల నడుమ, సుమారు వెయ్యి మంది ఉండే ఓషికా అనే పల్లెలో ఊరివాళ్లే మూడు వందల ఏళ్లుగా గుడి ముంగిట కబుకి ఆడుతున్నారని తెలిసి, మే 3న జరిగే వసంతకాలపు ప్రదర్శనకు బయలుదేరాను. టోక్యోలోని షింజుకులో బస్సెక్కి నాలుగు గంటలు, ఆపై ఇనా-ఓషిమా స్టేషను దగ్గర మరో బస్సు. అంతా కొండ దారే.

తైసెకి ఆలయ ప్రాంగణంలో నేల మీద చాపలు పరిచి ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు. కుటుంబాలు 'రొకుబెన్' అనే అరల పెట్టెలు విప్పుకుని, తింటూ తాగుతూ తెర లేచేదాకా కబుర్లాడుకుంటున్నాయి. పల్లెవాళ్లు నాటకాలాడటాన్ని ఎడో కాలపు (1603–1868) ప్రభుత్వం నిషేధించినా, దేవుడికి సమర్పణ అనే పేరుతో ఈ కొండల్లో ఆట నిలిచింది. 1767 నాటి ఒక ఇంటి దినచర్య పుస్తకంలోనే దీని ప్రస్తావన ఉంది. ఒకప్పుడు ఊళ్లో 13 రంగస్థలాలుండగా ఇప్పుడు నాలుగు మిగిలాయి. 2017లో జాతీయ జానపద సంపదగా గుర్తింపు వచ్చింది.

ఆనాటి ఘట్టం కుమాగాయ్ శిబిరం: యువరాజు అట్సుమోరిని కాపాడటానికి తన కన్నకొడుకునే బలిచ్చి, ఆ తల అట్సుమోరిదని చెప్పవలసివచ్చిన యోధుడు కుమాగాయ్ కథ. నన్ను కట్టిపడేసింది మాత్రం నటుల కంటే వేదిక పక్కన కూర్చున్న కథకుడే. నగరపు కబుకిలో కథ చెప్పే తయూ వేరు, మూడు తీగల షమిసెన్ మీటేవారు వేరు. ఇక్కడ ఆ రెండు పనులూ ఒక్కరివే. తల్లి ఏడుపునూ, తండ్రి దిగమింగిన దుఃఖాన్నీ ఒకే గొంతులో పలికిస్తూ, ఆ గొంతు తెగిన చోట మూడు తీగల వాద్యంతో వాక్యం పూర్తిచేస్తుంటే, భాష సగమైనా అర్థంకాని నాకు హరికథా భాగవతార్ గుర్తుకు వచ్చారు.

కుమాగాయ్ భంగిమ పట్టి నిలవగానే తెల్ల కాగితపు పొట్లాలు వానలా వేదిక మీద పడ్డాయి. కాగితంలో చిల్లర చుట్టి మెలిపెట్టిన వాటిని 'ఒహినెరి' అంటారట. మన వీధినాటకాల్లో చదివింపులిచ్చినవారి పేరు మైకులో మోగుతుంది. ఇక్కడ ఇచ్చిందెవరో ఎవరికీ తెలియదు, ఆ పద్ధతే నాకు నచ్చింది. పక్కనున్న బామ్మగారు నాకూ ఒకటి చుట్టి చేతిలో పెట్టారు. నా విసురు ముందు వరుసలోని ఒక పెద్దాయన భుజాన పడింది. ఆయన వెనక్కి తిరిగి చూడకుండానే దాన్ని తీసి వేదిక మీదికి చేర్చారు. నటుణ్ణి అతని ఇంటిపేరుతో పిలిచి కేకలు వేస్తున్న ఆ జనంలో నేనొక్కణ్ణే అతణ్ణి కుమాగాయ్‌గా మాత్రమే ఎరిగినవాణ్ణి.

ఆట ముగిశాక బస్సు కోసం వాలు దిగుతుంటే, మలుపు దగ్గర ఒకాయన కార్లకు దారి చూపిస్తున్నారు. చెవి వెనక వేషం తెల్లరంగు ఇంకా పూర్తిగా పోలేదు.