పికప్ బ్రేకుల కీచు: పని లెక్క

బండి బొలెరో పికప్. ముందు డిస్క్ బ్రేకులు: చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లు రెండు వైపులా పట్టి ఆపుతాయి. వెనక డ్రమ్ములు: చక్రంతో తిరిగే డ్రమ్మును షూలు లోపలి నుంచి ఒత్తి ఆపుతాయి. పలమనేరు వైపు నుంచి టమాటా దించుతుంది, సీజన్లో తోతాపురి కాయలు చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు తోలుతుంది. అంటే మొగిలి ఘాట్ లోడుతో దిగడం, ఖాళీగా ఎక్కడం. కంప్లయింటు ఇది: మెల్లగా తొక్కితే కీచుమంటోంది, గట్టిగా తొక్కితే ఆగిపోతోంది.

శనివారం, వినడం

పానా పట్టకముందు చెవి పెట్టాలి. ట్రాఫిక్ లేని చోట, గోడ పక్కగా, అద్దాలు దించి 20 కి.మీ. వేగంతో పోతే శబ్దం గోడకు తగిలి తిరిగొస్తుంది, ఏ వైపు నుంచో తెలిసిపోతుంది. తర్వాత పెడల్ వదిలేసి, బటన్ నొక్కి పట్టుకుని హ్యాండ్ బ్రేకు మాత్రం మెల్లగా లాగాలి. అది వెనక షూలనే పట్టిస్తుంది కాబట్టి అప్పుడు అరిస్తే డ్రమ్ములే. అరవకపోతే ముందు చక్రాల మీద అనుమానం.

తొక్కనప్పుడు కూడా సన్నగా అరుస్తూ, తొక్కగానే ఆగితే ప్యాడ్ల అరుగుదల చెప్పే రేకు డిస్కుకు తగులుతోందని, లేదా ప్యాడ్ వదులుగా ఉందని అర్థం. గరగర వస్తే లైనింగ్ (ప్యాడ్, షూల మీది రాపిడి పొర) అయిపోయి ఇనుముకు ఇనుము రాసుకుంటోంది, బండి కదపొద్దు. చక్రం తిరిగేకొద్దీ వచ్చి పోతుంటే డిస్కు వంకర చూడాలి. వాన పడిన మర్నాడు పొద్దున రెండు మూడు తొక్కులకు అరిచి ఊరుకుంటే అది పైపై తుప్పు, దానికి ఖర్చు పెట్టనక్కర్లేదు.

తేలింది: ఎడమ ముందు చక్రం గట్టిగా, వెనక రెండూ కొంచెం.

ఆదివారం, ముందు చక్రాలు

వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో లేపి, స్టాండు మీద దించాక చక్రం ఊడదీశాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి పెట్టకూడదు.

ఎడమ వైపు లోపలి ప్యాడ్ 4 మి.మీ., బయటిది 7. అసలు విషయం ఇక్కడే ఉంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నేరుగా తోస్తుంది, బయటి ప్యాడ్ పనిచేయాలంటే కాలిపర్ (పిస్టన్ ఉండే, ప్యాడ్లను నొక్కే దిమ్మ) పిన్నుల మీద జారాలి. పిన్నులు బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది, వేడెక్కుతుంది, పైపొర గట్టిపడి నిగనిగలాడుతుంది. ఆ గట్టి పొరే డిస్కు మీద పట్టీ పట్టనట్టు వణికి కీచుమంటుంది. కింది పిన్ను లాగి చూస్తే గ్రీజు ముదురు బెల్లంపాకంలా అతుక్కుపోయి ఉంది. కొత్త ప్యాడ్లు వేస్తే శబ్దం పోతుందన్న మాట నిజమే గానీ, పిన్నులు చూడకపోతే ఆ ముచ్చట కొన్నాళ్లే.

పిన్నులు, వాటి రంధ్రాలు బ్రేక్ క్లీనర్‌తో కడిగి, సిలికాన్ గ్రీజు పలచగా రాశాం. మామూలు బేరింగ్ గ్రీజు పనికిరాదు, రబ్బరు తొడుగులు ఉబ్బుతాయి. ఎక్కువ పూసినా గాలి ఇరుక్కుని పిన్ను వెనక్కి తన్నుతుంది. చేత్తో తోస్తే పిన్ను సులువుగా లోపలికీ బయటికీ జారాలి.

4 మి.మీ. ఇంకా కొన్నాళ్లు వచ్చేదే, కానీ లోడుతో ఘాట్ దిగే బండి కాబట్టి రెండు వైపులా నాలుగు ప్యాడ్లూ మార్చాం. ఒక వైపే మారిస్తే బండి పక్కకు లాగుతుంది. ప్యాడ్ చెవులు కూర్చునే చోట తుప్పు ఇనుప బ్రష్‌తో గీకి, క్లిప్పులు కొత్తవి పెట్టాం. బ్రేకులకు వాడే సిరామిక్ గ్రీజు ప్యాడ్ వీపు మీద, చెవుల మీద మాత్రమే. డిస్కుకు రాసుకునే ముఖం మీద పడితే ఆ ప్యాడ్ పోయినట్టే. డిస్కు మందం దాని మీదే పోసిన కనీస కొలత కన్నా ఎక్కువుంది, 120 నంబరు ఎమిరీ పేపర్‌తో అడ్డదిడ్డంగా రుద్ది కడిగాం.

పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు పైన బ్రేక్ ఆయిల్ డబ్బా మీద కన్నుండాలి. నిండుగా ఉంటే పొంగుతుంది, పెయింటు తినేస్తుంది. వెంటనే నీళ్లు పోయాలి.

సాయంత్రం, డ్రమ్ములు

డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదొద్దు. దాని ముఖం మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలకు సరిపోయే బోల్టులు వేసి, ఇటు కాస్త అటు కాస్త బిగిస్తే కదులుతుంది. అంచు అరిగి గట్టు కట్టి షూలకు తగులుతుంటే ముందు అడ్జస్టర్ (షూల ఎడం సరిచేసే మర) వదులు చేయాలి. లోపలి దుమ్ము కంప్రెసర్‌తో ఊదకూడదు, ఊపిరితిత్తులకు చేటు. మాస్కు కట్టుకుని, క్లీనర్‌తో తడిపి తుడవాలి.

షూ అంచులు వెనక పళ్లెం మీద ఆనే చోట్లు పొడిబారి గాడి పడ్డాయి. వెనక కీచుకు సగం కారణం ఇదే, చాలామంది అటు చూడను కూడా చూడరు. గీకి, నునుపు చేసి, పొరలా గ్రీజు రాశాం. షూల పైపొర 80 నంబరు పేపర్‌తో తీసి, లైనింగ్ రెండు చివరలూ ఆకురాయితో కొంచెం ఏటవాలు చేశాం. షూలను తోసే వీల్ సిలిండర్ తొడుగు ఎత్తి చూస్తే లోపల పొడిగానే ఉంది. తడి ఉంటే సిలిండర్‌తో పాటు నూనె పీల్చిన షూలు కూడా మార్చాల్సి వచ్చేది.

సోమవారం తెల్లవారుజాము, ప్యాడ్లు కూర్చోబెట్టడం

కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. లేదంటే మొదటి తొక్కు నేలకు పోతుంది. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకు ఒదగడానికి, బైపాస్ మీద వేగం 50 నుంచి 10 కి.మీ.కి తగ్గేలా తొక్కాలి, అర నిమిషం ఎడంతో ఎనిమిది పది సార్లు, పూర్తిగా ఆపకుండా. వేడి మీద ఆపి పెడల్ తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం డిస్కుకు ఒకే చోట అంటుకుంటుంది. తర్వాత బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లార్చాలి. ఈ పని ఘాట్‌లో చేయొద్దు.

ఆ రాత్రి లోడుతో, కింది గేరులో మొగిలి దిగింది. ముందు రెండు చక్రాలూ దాదాపు ఒకే వేడి, కీచు లేదు. రివర్సులో కుడి వెనక చక్రం ఇంకా సన్నగా పలుకుతోంది. ఆ డ్రమ్ము లోపలి ముఖం కోయించడానికి లేతుకు పంపాలి, కోత పడ్డాక వ్యాసం దాని మీదున్న గరిష్ఠ కొలత దాటితే కొత్తదే.