చలికాలంలో నోబైల్‌కు ఎరువు ఎందుకు ఆపాలి

బెంగళూరు మారతహళ్ళిలో మా తూర్పు బాల్కనీలో ఉన్న ఆర్కిడ్లన్నిటిలోకీ డెండ్రోబియం నోబైల్ అంటే నాకు ప్రాణం. రెండేళ్ళ కిందటి చలికాలంలో ఆ ఇష్టంతోనే దానికి వారానికి రెండుసార్లు నీళ్ళు పోసి, పదిహేను రోజులకొకసారి నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 19-19-19 ఎరువు కూడా ఇచ్చాను. సంక్రాంతి దాటాక కణుపుల దగ్గర చిన్న ఉబ్బులు కనిపిస్తే మొగ్గలని ఎంతో సంతోషించాను. కొద్ది రోజులకు వాటిలోంచి ఆకులు, ఆ తరువాత సన్నని తెల్లని వేళ్ళు బయటికి వచ్చాయి. అవన్నీ పిల్లమొక్కలు, ఆ ఏడు ఒక్క పువ్వు కూడా పూయలేదు.

సిక్కిం రాష్ట్ర పుష్పమైన ఈ మొక్క హిమాలయ ప్రాంతపు అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకొని పెరుగుతుంది. వానాకాలమంతా తడిసి ముద్దయి, ఆ తరువాత వచ్చే చలినీ పొడిగాలినీ లావైన కాడల్లో దాచుకున్న నీటితో తట్టుకుంటూ, ఆ నెలల్లోనే పూతకు సిద్ధమవుతుంది. అప్పుడు నీళ్ళూ నత్రజనీ పుష్కలంగా అందితే వానాకాలం ఇంకా పోలేదన్నట్టు ఆకులు వేయడానికే పూనుకుంటుంది. అందుకే ఇప్పుడు నవంబరు రాగానే దానికి ఎరువు పూర్తిగా మానేసి, కాడలు బాగా ముడతలు పడితే తప్ప నీళ్ళు పోయడం లేదు. కింది ఆకులు పండి రాలిపోతే కంగారు పడనవసరం లేదు. డిసెంబరులో బెంగళూరు రాత్రులు 15 డిగ్రీల దాకా చల్లబడటం మనకు కలిసివచ్చే విషయం; చెన్నైలో ఉన్న మా అక్కకు ఆ అదృష్టం లేదు.

ఫెలనాప్సిస్ అనే మరో ఆర్కిడ్‌ను మాత్రం ఇలా ఎండగట్టకూడదు, ఎందుకంటే దానికి నీళ్ళు దాచుకునే కాడలు లేవు. వేళ్ళు ఆకుపచ్చగా ఉన్నంతకాలం ఆగి, వెండిరంగుకు తిరిగాక ఉదయం పూట నీళ్ళు పోసి, ఆకుల నడుమ నిలిచిన చుక్కలను దూదితో అద్ది తీసేయాలి. రాత్రి చలిలో అక్కడ తడి ఉంటే మొవ్వు కుళ్ళుతుంది. ఎరువు లీటరుకు అర గ్రాము చొప్పున నెలకొకసారి చాలు. బోరు నీళ్ళు వాడేవారి కుండీ అంచున తెల్లని ఉప్పు పేరుకుంటుంది కనుక, వీలైతే పట్టి ఉంచిన వాననీటితో మధ్యమధ్య కుండీని కడగడం మంచిది.

ఈ ఉదయం నోబైల్ మూడో కాడ మీద, పైనుంచి నాలుగో కణుపు దగ్గర, ఆవగింజంత ఉబ్బు కనిపించింది. నిరుడు పూసిన మొగ్గలలాగే గుండ్రంగా ఉంది, ఆకుమొలకలా మొనదేలి లేదు. అది శనగగింజంత అయ్యేదాకా నీళ్ళు పెంచను.