కొప్పుసూది మలుపులు, రెండు కిలోల క్యారెట్

ఊటీ కొండల కిందున్న మేట్టుపాళయం బస్టాండులో ఊటీ బస్సు కోసం ముప్పావు గంట నిలబడ్డాం. ఆ ముప్పావు గంటలో మా కళ్ళ ముందు నుంచే మూడు ఊటీ బస్సులు వెళ్ళిపోయాయి. వాటి నుదుటి మీద తమిళంలో 'ఉదగై' అని ఉంది. మేము 'ఊటీ' కోసం వెతుకుతున్నాం. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఊటీ అసలు పేరు 'ఉదకమండలం' అని చెబుతూ వచ్చిన మా సోషల్ మాస్టారికి కూడా ఆ ఉదగై ఈ ఉదకమే అని తట్టలేదు. తమిళం చదవగలిగిన ఒకే ఒక్క మనిషి, సూళ్ళూరుపేట వాడైన మా పీఈటీ సార్, ఊటీకి వెళ్ళే బొమ్మ రైలు కదిలిపోయినా, ఇంకా రైల్వే స్టేషన్‌లో టికెట్ల వరుసలోనే ఆశగా నిలబడి ఉన్నాడు.

బొమ్మ రైలు దొరకదని నాకు నెల్లూరులోనే తెలుసు. రిజర్వేషన్ సీట్లు ఎప్పుడో అయిపోయాయి. మిగిలిన కాసిని జనరల్ టికెట్లు తెల్లవారకముందే వచ్చి వరుసలో కూర్చున్న వాళ్ళవి. మేము చెన్నైలో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రంతా పడుకుని, తీరిగ్గా దిగి, పళ్ళు తోముకుని వెళ్ళాం. ఏడు దాటాక ఆ నీలం పెట్టెలు కూతపెట్టి కదులుతుంటే ప్లాట్‌ఫారం మీద నిలబడి చేతులు ఊపి వచ్చేశాం.

మేము తొమ్మిది మందిమి, ఒకే పాఠశాలలో పని చేసే వాళ్ళం. మనిషికి నాలుగు వేల చొప్పున ముప్పై ఆరు వేలు పోగు చేసి లెక్కల మాస్టారి చేతిలో పెట్టాం. అదే మేము చేసిన మొదటి తప్పు. నెల్లూరు స్టేషన్‌లో తాగిన టీ దగ్గర నుంచి ఆయన ప్రతి రూపాయినీ ఒక పాత హాజరు పట్టీ వెనక రాయడం మొదలుపెట్టాడు. కోయంబత్తూరులో టెంపో ట్రావెలర్ మాట్లాడుకుందామని సోషల్ మాస్టారు అంటే, "అద్దె ఎవరిస్తారు? సొంత బండికైనా అద్దె బండికైనా ఈ-పాస్ ఉండాలట. ప్రభుత్వ బస్సుకు అదేమీ అక్కర్లేదు" అని కొట్టిపారేశాడు. నీలగిరికి వచ్చే బండ్లు మరీ ఎక్కువైపోయాయని మద్రాసు హైకోర్టు 2024 మే నుంచి పెట్టించిన పద్ధతి అది. మా మాస్టారికి మాత్రం తన కోసమే తీర్పు ఇచ్చినంత సంతోషం.

రెండో తప్పు తేదీ. సంక్రాంతి సెలవులు కదా అని కనుమ రాత్రి రైలెక్కాం. "కనుమ నాడు కాకైనా కదలదు, మీరేమో కొండలెక్కుతున్నారు" అని అమ్మ గొణుగుతూనే ఉంది. మర్నాడు మనకు ముక్కనుమ. తమిళులకు కాణుం పొంగల్. 'కాణుం' అంటే చూడటం. ఆ రోజు బంధువులనో ఊళ్ళనో చూడటానికి ఇంటిల్లిపాదీ బయలుదేరడం అక్కడి ఆచారం. అంటే తమిళనాడు మొత్తం గడప దాటే రోజునే ఏరి కోరి మేము ఊటీకి ముహూర్తం పెట్టుకున్నామన్నమాట. అమ్మ సామెతలో ఇంత లోతు ఉందని నాకు బస్సెక్కాకగానీ తెలియలేదు.

బస్సులో ముగ్గురికి సీట్లు దొరికాయి. మిగతావాళ్ళం నిలబడ్డాం. టికెట్ మనిషికి వంద లోపే కాబట్టి లెక్కల మాస్టారి ముఖం వెలిగిపోతోంది. కొండ ఎక్కబోయే ముందు ఒకచోట బస్సు ఆపి, ఒకతను లోపలికి వచ్చి ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు, సంచులు అన్నీ ఏరుకుని దింపేశాడు. నీలగిరి జిల్లాలో వాటికి ప్రవేశం లేదు. చెన్నైలో ఒక్కొక్కటి ఇరవై పెట్టి కొన్న ఆరు సీసాలు. మాస్టారు హాజరు పట్టీ తీసి 'నష్టం 120' అని రాసుకున్నాడు. మంచి పనే, కాదనను. మా ఊరి కాలువ నిండా తేలే సీసాలు తలచుకుంటే ఇలాంటి మనిషి ఒకడు మాకూ ఉంటే బాగుండు అనిపించింది. కానీ సంచులు కూడా తీసుకెళ్ళిపోవడంలోని కష్టం అరగంట తరువాత బయటపడింది.

కల్లార్ దాటాక మలుపులు మొదలయ్యాయి. ప్రతి మలుపు దగ్గరా పలక మీద ఏదో రాసి, పక్కన అంకెలు వేసి ఉన్నాయి, మొత్తం పద్నాలుగింటిలో ఇది ఎన్నోదో తెలిసేలా. పీఈటీ సార్ చదివి వినిపించాడు: "కొండై ఊసి వళైవు." కొండ మలుపు అనుకుని తలాడించాం. ఆయన నవ్వాడు. కొండై అంటే కొప్పు, ఊసి అంటే సూది. కొప్పులో గుచ్చుకునే సూదిలా వంగిన దారి. తెలుగు పాఠం చెప్పే దాన్ని కాబట్టి ఆ మాట నన్ను పట్టుకుంది. మనం హెయిర్‌పిన్ను మలుపు అని ఊరుకున్నాం. వాళ్ళు ఆడవాళ్ళ తలలోంచి ఒక వస్తువు తీసి కొండకు గుచ్చారు.

ఆ మాటను మెచ్చుకునే తీరిక ఎక్కువసేపు దొరకలేదు. డ్రైవరు ఒంటి చేత్తో చక్రాన్ని పూర్తిగా తిప్పేసినప్పుడల్లా నిలబడిన వాళ్ళం వరిపైరులా ఒకే వైపు ఒరిగేవాళ్ళం. బస్సు ముక్కు దారి దాటి శూన్యంలోకి వెళ్ళి, చివరి క్షణంలో ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కు తిరిగేది. ఏడు దగ్గర నేను లెక్క తప్పాను. సరిగ్గా అప్పుడే సోషల్ మాస్టారు కళ్ళు తేలేసి, "కవరుందా?" అన్నాడు. బస్సు మొత్తంలో ఒక్క కవరు లేదు. అందరివీ కింద దింపుకుని వచ్చాం కదా. పక్క సీటులో పూలబుట్ట పెట్టుకున్న ముసలమ్మ ఒక్క మాటైనా మాట్లాడకుండా బుట్టలోంచి అరటాకు తీసి, దొన్నెలా మడిచి ఆయన ఒళ్ళో పెట్టింది. పని అయ్యాక దాన్ని ఆమే తీసి కిటికీలోంచి లోయలోకి విసిరింది. ఆ పైన ఒక నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమని సైగ చేసింది. మాస్టారు రెండు చేతులూ జోడించాడు. ఆమెకు అదంతా రోజూ ఉండే పనిలాగే ఉంది. కూనూరులో బుట్ట ఎత్తుకుని దిగి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయింది.

ఊటీ గురించి చెప్పేదేముంది? గదికి మూడు వేల రెండు వందలు. పండుగ కాకపోతే సగమేనని టీ కొట్టు అతను తరువాత చెప్పి మా గాయం మీద కారం చల్లాడు. సరస్సు, గులాబీ తోట, దొడ్డబెట్ట శిఖరం అన్నీ జనం. ఊటీ వర్కి ఒక్కటే నాకు నచ్చింది. టీలో ముంచితే పొరలు పొరలుగా విడిపోయే గట్టి బిస్కెట్టు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉందట. రెండు వర్కీలు, ఒక టీ తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదని లెక్కల మాస్టారు కనిపెట్టి, దాన్నే ఉదయం ఫలహారంగా ప్రకటించాడు. కొంచెం కోలుకున్న సోషల్ మాస్టారు కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఈ కొండలు ఎలా ఎక్కాడో, మద్రాసు ప్రభుత్వం ప్రతి వేసవికీ ఇక్కడికి ఎలా మకాం మార్చేదో చెబుతూ, "మన నెల్లూరు ఫైళ్ళూ ఇక్కడికే వచ్చి ఉంటాయి" అన్నాడు. "వాటికి గది అద్దె ఎవరు కట్టారో" అన్నాడు లెక్కల మాస్టారు.

రెండో రోజు పొద్దున గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంది. గది బయట టీ తాగుతుంటే తడి గోనెసంచుల లారీ ఒకటి వెళ్ళింది. సంచుల కన్నాల్లోంచి నారింజ రంగు. నేను గ్లాసు పక్కన పెట్టేశాను.

మా నాన్న ముప్పై ఏళ్ళు తోపుడుబండి మీద కూరగాయలు అమ్మాడు. "ఊటీ క్యారెట్, ఊటీ క్యారెట్" అనే కేకతోనే మా వీధిలో పొద్దు పొడిచేది. మామూలు క్యారెట్ కంటే కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ. ఊటీ ఎక్కడుంది నాన్నా అని అడిగితే, "చలి దేశంలో" అనేవాడు. ఆయన చూడలేదు. మార్కెట్‌లో కొన్న గోతం నిజంగా అక్కడిదేనా అన్నది కూడా ఆయనకు తెలియదనే నా అనుమానం. నున్నగా, మెరుస్తూ ఉంటే ఊటీ. లేకపోతే కాదు.

అందరూ బొటానికల్ గార్డెన్‌కు వెళితే నేను క్యారెట్లు పండే కేత్తి పాలాడ వెళ్ళే బస్సెక్కాను. మాట సాయానికి పీఈటీ సార్, ప్రవేశ రుసుము లేని చోటు కనుక లెక్కల మాస్టారు నాతో వచ్చారు. లోయంతా మెట్లు మెట్లుగా తోటలు. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పెద్ద పీపా లాంటి యంత్రం గిరగిరా తిరుగుతోంది, లోపల నీళ్ళు కొడుతున్నాయి. ఒక పక్క నుంచి మట్టిముద్దలు వేస్తున్నారు, రెండో పక్క నుంచి మా వీధి క్యారెట్లు దొర్లుకుంటూ వస్తున్నాయి. ఆ నునుపు ఊటీ నేలది కాదు, ఈ పీపాది. నేను ఎంతసేపు చూశానో గానీ, తలకు ఉన్ని టోపీ పెట్టుకున్న ఒకావిడ నన్ను పక్కకు జరగమని భుజం తట్టింది.

చీకటితోనే పీకుతారట. కడిగి, పొడవునుబట్టి వేరుచేసి, సంచులు కుట్టి మేట్టుపాళయం మండీకి దింపుతారు. ఊటీ ఎలా ఉందని అడిగింది. జనం, అన్నాను. తను బొటానికల్ గార్డెన్ చిన్నప్పుడు బడి వాళ్ళు తీసుకెళితే చూసిందట, మళ్ళీ పోలేదట. రెండు కిలోలు కావాలంటే కడిగినవి కాకుండా మట్టివి ఏరి ఇచ్చింది. నెల్లూరు దాకా వెళ్ళాలంటే మట్టితో ఉంటేనే పాడవవని పీఈటీ సార్‌తో చెప్పించింది. డబ్బు వద్దంది. లెక్కల మాస్టారు బలవంతంగా యాభై చేతిలో పెట్టి, వెంటనే నా వైపు తిరిగి, "ఇది మీ సొంత ఖర్చండీ మేడం, ఉమ్మడిలో రాయను" అన్నాడు.

తిరుగు రైల్లో ఆయన లెక్క తేల్చి వెయ్యి ముప్పై ఐదు మిగిలిందని ప్రకటించాడు. తలా నూట పదిహేను చేతిలో పెట్టాడు, నాకు మాత్రం అరవై ఐదు.

ఇల్లు చేరగానే సంచి వరండాలో దింపి, నాన్నను పిలిచి, ఏమీ చెప్పకుండా ఒక క్యారెట్ చేతికిచ్చాను. కళ్ళద్దాలు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గోటితో మట్టి గీకాడు. తోక విరిచి వాసన చూశాడు.

"ఎంతకు తెచ్చావు?"

"రెండు కిలోలు యాభై. ఊటీ క్యారెట్, నాన్నా. తోట దగ్గరే కొన్నాను."

"ఎవరో నిన్ను మోసం చేశారమ్మా" అన్నాడు, దాన్ని తిరిగి సంచిలో వేస్తూ. "ఊటీ క్యారెట్‌కు మట్టి ఉండదు."