ముత్తవ్వ జాడ కోసం బల్లారట్ గనుల దారిలో

మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిడ పుట్టి పెరిగింది ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లోనే. నా పెళ్లయిన కొత్తలో ఒక రోజు టీ తాగుతూ చెప్పారు: "మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఐర్లాండ్ నుంచి ఒక్కతే ఓడెక్కి వచ్చిందమ్మా. ఆమె భర్త యురేకా తిరుగుబాటులో పోరాడాడు." అంతకు మించి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏ ఊరి పిల్లో, ఏ ఓడలో వచ్చిందో, ఎక్కడ పాతిపెట్టారో ఎవరూ చెప్పలేకపోయారు.

మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్లు బాయి దిగాడు. షిఫ్టు అయిపోయి ఆయన గడప తొక్కేదాకా అమ్మ ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు. అందుకేనేమో, అత్తగారి కథలో పోరాడిన మనిషి కన్నా ఒంటరిగా వచ్చిన ఆ అమ్మాయే నా మనసులో ఉండిపోయింది.

అయినా వెతకడం మాత్రం యురేకా నుంచే మొదలుపెట్టాను. 1851లో బల్లారట్ ఉన్న విక్టోరియా ప్రాంతంలో బంగారం బయటపడింది. మొదట్లో తవ్వకానికి నెలకు 30 షిల్లింగుల లైసెన్సు కట్టాలి, బంగారం దొరికినా దొరక్కపోయినా. ఆ కోపం పెరిగి పెరిగి 1854 డిసెంబర్ 3 తెల్లవారుజామున బల్లారట్‌లో కాల్పుల దాకా వెళ్లింది. అదే యురేకా తిరుగుబాటు. గని కార్మికులకు నాయకుడు పీటర్ లేలర్ ఐరిష్ మనిషే. ఆ రోజు అక్కడున్నవాళ్ల పేర్ల జాబితాలు దొరికినవన్నీ చదివాను. మా ఇంటిపేరు లాంటిది కనిపించినప్పుడల్లా గుండె దడదడలాడేది. నాలుగు నెలలు అలాగే పోయాయి.

లైబ్రరీలో పనిచేసే ఒకావిడ నన్ను దారిలో పెట్టారు. "పుట్టుక నుంచి కాదు, చావు నుంచి మొదలుపెట్టు" అన్నారు. విక్టోరియాలో జనన మరణాల నమోదు 1853 జులై 1న మొదలైంది. ఇక్కడి పాత మరణ పత్రాల్లో ఉన్నంత సమాచారం ఇంగ్లండ్ పత్రాల్లో కూడా ఉండదు. చనిపోయినవాళ్ల తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, పుట్టిన చోటు, విక్టోరియాకు వచ్చి ఎన్నేళ్లయింది, పెళ్లి ఎక్కడ జరిగింది, పిల్లలు ఎవరు, వాళ్ల వయసులెంత, అన్నీ ఒక్క కాగితంలో ఉంటాయి. పైగా ఇక్కడ అప్పటి జనాభా లెక్కల ఇంటింటి పత్రాలు మిగల్లేదు కాబట్టి ఈ కాగితమే ప్రాణం.

కానీ ఐరిష్ పేర్లతో తలనొప్పి అంతా ఇంతా కాదు. ఊరికి పదిమంది మేరీలు, పదిమంది బ్రిజెట్లు. ఇంటిపేరు ముందు 'ఓ' ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. చదువు రాని మనిషి చెప్తుంటే గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకునేవాడు. నేను డబ్బు కట్టి తెప్పించిన మొదటి రెండు పత్రాలూ వేరే ఆడవాళ్లవి. ఆ తర్వాత పేరు పక్కన పెట్టి, భర్త పేరూ ఊరూ పట్టుకుని వెతికాను. మూడోది ఆమెదే. చనిపోయింది 1901లో, బల్లారట్ దగ్గరి ఊరు క్రెస్విక్‌లో. విక్టోరియాలో 44 ఏళ్లు. పుట్టింది ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీ, మన జిల్లా లాంటిది. పిల్లలు ఎనిమిది మంది. అత్తగారికి తెలిసింది ఐదుగురే. మిగతా ముగ్గురి పేర్ల పక్కన 'మరణించారు' అని ఉంది.

44 ఏళ్లంటే ఆమె దిగింది 1857లో. భర్త పత్రం కూడా తెప్పించాను. ఆయన వచ్చింది 1856లో. యురేకా నాటికి ఇద్దరూ ఇంకా ఐర్లాండ్‌లోనే ఉన్నారు. ఈ మాట అత్తగారికి చెప్పడానికి వారం రోజులు టెన్షన్ పడ్డాను. ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "మరి ఆ ముగ్గురు పిల్లల పేర్లేంటి?" అని అడిగారు.

పిల్లల జనన పత్రాలు వరసగా పెడితే కుటుంబం తిరిగిన దారి తెలిసింది. బల్లారట్, క్లూన్స్, మళ్లీ బల్లారట్, చివరికి క్రెస్విక్. గని ఎక్కడ నడిస్తే అక్కడికి మూట కట్టుకుని పోయారు. క్లూన్స్‌లో తెల్లరాయిని పొడి చేసి బంగారం తీసేవాళ్లు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయేది. 1878లో పోయిన భర్త పత్రంలో కారణం క్షయ అని ఉంది. అప్పటి డాక్టర్లు చాలాసార్లు దుమ్ము జబ్బునూ క్షయనూ వేరు చేసి రాసేవాళ్లు కాదు. నాకు మాత్రం మా బస్తీలో రాత్రంతా దగ్గే మామయ్యలు గుర్తొచ్చారు.

పిల్లల జననం నమోదు చేయించింది ఎక్కువసార్లు ఆమే. సంతకం ఉండాల్సిన చోట 'ఎక్స్' గుర్తు. మా నానమ్మ వేలిముద్ర వేసేది, ఈమె గీత వేసింది.

ఆమె క్రెస్విక్‌లో వితంతువుగా ఉన్నప్పుడే, 1882 డిసెంబర్ 12న ఆ ఊరి న్యూ ఆస్ట్రలేషియన్ నంబర్ 2 గనిలోకి పాత గని నీళ్లు పగిలి వచ్చాయి. 27 మంది లోపల చిక్కుకుంటే 22 మంది చనిపోయారు. బయటికి వస్తామో రామో తెలియక లోపలివాళ్లు టీ డబ్బాల మీద ఇంటివాళ్లకు మాటలు గీశారు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 'ట్రోవ్' పేరుతో పాత పేపర్లను ఉచితంగా చదవనిస్తుంది. ఆ వారం పేపర్లు చదువుతూ ఒక రాత్రంతా కూర్చున్నాను. ఆమె పెద్దకొడుకు కూడా అప్పటికి ఆ ఊళ్లో గని పనే చేసేవాడు. చనిపోయినవాళ్లలో అతను లేడు. కానీ లోపలివాళ్ల కోసం ఎదురుచూసిన ఆ మూడు రోజులూ ఆ ఊళ్లో ఏ తల్లి అన్నం తిని ఉంటుంది?

ఐర్లాండ్ వైపు వెళ్లడం ఇంకా కష్టమైంది. 1922లో డబ్లిన్ దస్తావేజుల కార్యాలయం తగలబడినప్పుడు 1851 వరకూ ఉన్న జనాభా లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. కాథలిక్కుల జననాల ప్రభుత్వ నమోదు మొదలైందే 1864లో. ప్రభుత్వ ఖర్చుతో వచ్చినవాళ్ల ఓడ జాబితాలో ఆమె దొరికింది కానీ, అక్కడా క్లేర్ అనే ఉంది, ఊరి పేరు లేదు. అలా ఆరు నెలలు ఆగిపోయాను. చివరికి ఆమె తర్వాత వచ్చిన ఆమె చెల్లెలి మరణ పత్రం తెప్పిస్తే, అందులో పారిష్ పేరు, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం పేరు, రాసి ఉంది. మన మనిషి కాగితంలో లేనిది తోబుట్టువుల కాగితంలో దొరకొచ్చని అప్పుడు తెలిసింది. ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం పారిష్ చర్చి రిజిస్టర్లను 2015 నుంచి ఉచితంగా చూడనిస్తోంది. మసకబారిన లాటిన్ రాతలో, 1839లో, ఆమె బాప్టిజం కనిపించింది. కౌలుదార్ల పేర్లున్న పాత భూముల లెక్క 'గ్రిఫిత్ వాల్యుయేషన్'లో వాళ్ల నాన్న పేరు, చిన్న గుడిసె, చారెడు నేల కూడా దొరికాయి.

క్రెస్విక్ శ్మశానంలో ఆమెకు రాయి లేదు. రిజిస్టర్‌లో ఉన్న వరస, నంబర్ పట్టుకుని గడ్డిలో ఆ చోటు గుర్తించాం. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అత్తగారు తమ కుటుంబ బైబిల్ తీసి, మొదటి పేజీలో ఐదుగురి పేర్ల మధ్య ఖాళీలు చూసి, పెన్ను నా చేతికిచ్చారు. నేను అక్షరం అక్షరం పలుకుతుంటే నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. మూడో పేరు రాశాక, "ఈ పిల్ల ఎన్ని నెలలు బతికింది?" అన్నారు.

"పదకొండు నెలలు అత్తయ్యా" అన్నాను. అది కూడా రాయమన్నారు.