చిట్టెలుక వృషణం స్లైడ్ మీద కణాంగాల పంపకం: నా అనుభవం

వీర్యకణం తయారవుతుండగా మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చేవి), గాల్జీ (ప్రొటీన్లను సర్ది పంపేది) ఏ కణానికి ఎంత చేరతాయో చూడాలంటే ఒక్క ఫిక్సేటివ్‌తో (కణజాలం చెడకుండా నిలిపే ద్రావణంతో) పని జరగదు. నేను ఒక వృషణాన్ని బౌయిన్ ద్రావణంలో, రెండోదాన్ని 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో వేస్తాను. బౌయిన్‌లోని అసిటిక్ ఆమ్లం మైటోకాండ్రియాను పాడుచేస్తుంది. అయినా వృషణంలోని సన్న నాళికల్లో వీర్యకణాలు తయారయ్యే దశలు గుర్తించడానికి అదే కావాలి, కేంద్రకాలూ అక్రోసోమూ (వీర్యకణం తలపై టోపీలాంటి సంచి) అందులో అంత తేటగా నిలుస్తాయి.

పాళ్లు: సంతృప్త పిక్రిక్ ఆమ్లం 75 మి.లీ., ఫార్మాలిన్ 25, గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం 5. పిక్రిక్ ఆమ్లాన్ని ఎండనివ్వకూడదు, ఎండితే పేలే ప్రమాదం ఉంది. వృషణం పైపొరను సన్న సూదితో నాలుగైదు చోట్ల గుచ్చి, రెండు గంటలు నానాక బ్లేడుతో అడ్డంగా కోసి, మళ్లీ రాత్రంతా ఉంచుతాను. ముందే కోస్తే నాళికలు బయటికి ఉబికొస్తాయి. అసలు కోయకపోతే ద్రావణం నడిమికి సరిగా చేరదు. తర్వాత పసుపు దిగేదాకా 70 శాతం ఆల్కహాల్ మారుస్తూ ఉండాలి.

5 మైక్రాన్ల సెక్షన్లకు (పలుచని కోతలకు) పీఏఎస్ వేస్తాను, అంటే పీరియాడిక్ ఆమ్లం, షిఫ్ కారకంతో అక్రోసోమ్‌కు గులాబీ రంగు పట్టించే పద్ధతి: 1 శాతం పీరియాడిక్ ఆమ్లం 10 నిమిషాలు, షిఫ్ 20 నిమిషాలు, పారే కుళాయి నీళ్లు 10 నిమిషాలు. కేంద్రకాలకు నీలం రంగిచ్చే హెమటాక్సిలిన్ తేలిగ్గా పట్టించాలి, ముదిరితే అక్రోసోమ్ గులాబీ రంగు దాని కింద మునిగిపోతుంది. సీసాలోనే గులాబీకి తిరిగిన షిఫ్‌ను పారబోయడమే మేలు.

నాళికలో ఒకే చోట కణాల కూర్పు మారుతూ మళ్లీ మొదటికి రావడమే ఒక చక్రం. చిట్టెలుకలో అది 12 దశలు, సుమారు 8.6 రోజులు. మియోసిస్ (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే) విభజనలు 12వ దశలో ఉంటాయి. అవి ఎక్కువగా కావాలంటే పుట్టిన 18–20 రోజుల పిల్లలను తీసుకుంటే మంచిది, మొదటి తరంగం, అంటే మొదటి విడత కణాల జట్టు, అప్పుడే అక్కడికి చేరుతుంది. ఈ విభజనలో గాల్జీ ముక్కలై చెదురుతుంది, మైటోకాండ్రియా కండె (క్రోమోజోములను లాగే పోగుల కట్ట) చుట్టూ పరుచుకుంటాయి. క్రోమోజోముల్లా ఒక్కొక్కటి లెక్కగట్టి పంచే ఏర్పాటు వీటికి లేదు. పైగా కణాలు పూర్తిగా విడిపోవు, సుమారు మైక్రాన్ వెడల్పున్న వంతెనలతో కలిసే ఉంటాయి. అందుకే ఒక కణంలో మైటోకాండ్రియా చుక్కలు తక్కువ కనిపించగానే పంపకం చెడిందనుకోకూడదు. సెక్షన్ కణాన్ని ఎక్కడ కోసిందో చూసి, పక్క సెక్షన్‌తో పోల్చాలి.

పారాఫార్మాల్డిహైడ్ ముక్కల మీద అక్రోసోమ్‌కు పీఎన్ఏ లెక్టిన్ (చక్కెర గొలుసులకు అంటుకునే ప్రొటీన్), గాల్జీకి జీఎం130, మైటోకాండ్రియాకు టామ్20 అనే ప్రొటీన్లను పట్టే యాంటీబాడీలు వాడతాను. నాళికల మధ్యనున్న లైడిగ్ కణాలు (హార్మోన్ తయారుచేసేవి) వాటంతటవే మెరుస్తాయి కాబట్టి ప్రైమరీ యాంటీబాడీ (ప్రొటీన్‌ను నేరుగా పట్టే మొదటి యాంటీబాడీ) వేయని స్లైడ్ తప్పనిసరి. గుండ్రటి స్పెర్మాటిడ్లలో (మియోసిస్ తర్వాత ఏర్పడి వీర్యకణంగా మారే కణాల్లో) గాల్జీ మొదట అక్రోసోమ్‌ను ఆనుకుని ఉంటుంది. 8వ మెట్టు నాటికి (దశలు నాళికవి, మెట్లు ఒక్కో స్పెర్మాటిడ్ ఎదుగుదలవి) వేరుపడి తోక వైపు జారుతుంది. రెండు రంగులు ఎడమైతే రంగు తప్పు పట్టిందని స్లైడ్ పక్కన పెట్టేయకండి.

రెండో పంపకం ఒకే కణం లోపల జరుగుతుంది, నాకు అసలు విషయమంతా ఇక్కడే ఉంది. 15, 16 మెట్లలో మైటోకాండ్రియాలో కొంత తోక మధ్యభాగం చుట్టూ తొడుగులా చుట్టుకుంటుంది. మిగిలింది అదనపు సైటోప్లాజంతో పాటు అవశేష దేహంలోకి (వీర్యకణం వదిలేసే ముద్దలోకి) పోతుంది. 8వ దశలో వీర్యకణం విడుదలయ్యాక సెర్టోలి కణం (నాళికలో వీర్యకణాలను పోషించే కణం) ఆ దేహాన్ని మింగుతుంది. 9వ దశ నాళికలో అడుగు వైపు దిగుతున్న ముదురు ముద్దలు అవే. మైటోకాండ్రియాను ముక్కలు చేయడంలో పాల్గొనే ఎంఎఫ్ఎఫ్ ప్రొటీన్ లేని చిట్టెలుకల్లో ఆ తొడుగు మధ్యమధ్య ఖాళీలతో వస్తుంది. దాన్ని వృషణం సెక్షన్‌లో వెతకడం కష్టం, ఎపిడిడిమిస్ (వృషణం పక్కన వీర్యకణాలు నిల్వ ఉండే గొట్టం) నుంచి తీసిన విడి వీర్యకణాలను స్లైడ్ మీద పరిచి టామ్20 వేసి చూడాలి.