మోటారు షెడ్డులో ఉడుము

నూజివీడు దగ్గర మా మామిడి తోటలో కోడిగుడ్లు మాయమవుతుంటే నెల రోజులు ముంగిసని తిట్టాను. పాపం, దానికేం సంబంధం లేదు. మే నెలలో ఒకరోజు ఎనిమిది దాటాక చూస్తే, అసలు దొంగ చెదపుట్ట పక్కన ఎండ కాచుకుంటోంది. తోకతో కలిపి నాలుగడుగులుంటుంది.

ఉడుముకి పొద్దున్నే తొందరుండదు. ఒళ్లు వేడెక్కేదాకా కదలదు. వేడెక్కాక మాత్రం తోటంతా సర్వే చేస్తుంది. నాలుగడుగులు వేస్తుంది, చీలిన నాలుక నేలకి తాకిస్తుంది, గోళ్లతో ఎండుటాకులు గీకుతుంది. వాసనలన్నీ ఆ నాలుకే మోసుకెళ్లి అంగిట్లోకి చేరుస్తుంది. మా పేడకుప్ప దగ్గర ఒక్కోసారి అరగంట ఉంటుంది, పేడపురుగుల కోసం. గుడ్లు దొరికితే వదలదు గానీ దాని రోజువారీ తిండి పురుగులు, నత్తలు, ఎలుకపిల్లలు. లెక్కేస్తే తోటకి లాభమే. ఈ మాట అమ్మ ముందు అనలేను, గుడ్లు ఆవిడవి.

మొన్న కుక్క తరిమితే మోటారు షెడ్డులోకి ఉరికి గోడ బీటలో దూరింది. నేను వద్దనేలోపే తోట చూసే బాబాయి తోక పట్టుకుని లాగాడు. కుక్కర్ విజిల్‌కి ముందు వచ్చే బుస లాంటి చప్పుడు. అంగుళం కదిలితే ఒట్టు! ఉడుము పట్టంటే గోళ్లదే అనుకునేవాణ్ని. సగం పట్టు గాలిదట. ఊపిరి నింపుకుని ఒళ్లు ఉబ్బించి ఇటుకల మధ్య బిగుసుకుపోతుంది. ఇంతలో తోక జారింది, కొరడాలా మణికట్టు మీద ఒక్కటి పడింది. "ఉడుము పోయినా చెయ్యి దక్కింది" అని నవ్వాడాయన.

నడుంనొప్పికి దీని మాంసం మంచిదని ఆయన నమ్మకం. 1972 వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోనే, ఇదీ ఉందని చెప్పా. "ఇదా? పులితోనా?" అన్నాడు. ఒకప్పుడు కచేరీల్లో వాయించే కంజీర వాయిద్యానికి దీని చర్మమే బిగించేవారు. ఇప్పటికీ హత్థా జోడీ అని, అదేదో మహిమగల వేరని అమ్ముతుంటారు చూశారా? అది మగ ఉడుము జననాంగం, ఎండబెట్టింది. దాన్ని పూజగదిలో పెట్టుకునేవాళ్లని తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

కుక్కని కట్టేసి, షెడ్డు తలుపు తీసే ఉంచాం. మర్నాడు తొమ్మిదింటికి వెళ్తే బీట ఖాళీ. దుమ్ములో పాదాల గుర్తులు, వాటి నడుమ తోక ఈడ్చిన గీత.

గీత పుట్ట వైపు పోలేదు. కోళ్లగూటి వైపు పోయింది.